అత్తగారి పుట్టినరోజు చేపలు

రెండు రోజులుగా ఉత్తరపు గాలి వీస్తోంది. చలికాలంలో ఆ గాలి మా లూసియానా చిత్తడి బాడవల్లోని నీటినంతా సముద్రంలోకి తోసేస్తుంది. అయినా మా ఆయన యులిస్, వాళ్లమ్మ డెబ్బయ్యో పుట్టినరోజున మధ్యాహ్నం అందరికీ చేపల పులుసు పెడతానని మాటిచ్చాడు.

"నీళ్లెక్కడున్నాయయ్యా?" అన్నాను.

"లేవు కాబట్టే వెళ్లాలి. చేపలన్నీ పాత కాలవ గుంటలోకి చేరుంటాయే, పిచ్చిదానా!"

చీకటితోనే ఇద్దరం వెళ్లాం. నిజంగానే చేరాయి. తెల్లారగానే పదకొండు పెద్ద ఎర్రచేపలు పడ్డాయి. ఆయన గర్వం పడవలో పట్టలేదు. ఆ గర్వంలో ఇంకో గంట కూర్చున్నాం, ఈలోగా నీళ్లు ఇంకా తగ్గిపోయాయి. తిరిగొస్తుంటే పడవ బురదలో కూరుకుపోయింది. చుట్టూ నీళ్లకన్నా కొంగలే ఎక్కువున్నాయి.

"దిగి తొయ్యనా?" అన్నాను.

"దిగితే నిన్ను లాగడానికి ఇంకో పడవ కావాలి. కూర్చో."

పోటు కోసం ఆరు గంటలు కూర్చున్నాం. చేతులు కొయ్యబారాయి. చుట్టాల భోజనాల వేళ దాటిపోయింది. నాకు దెప్పే ఓపిక కూడా లేకపోయింది. అలా జరగడం అరుదు.

పొద్దువాలాక ఇల్లు చేరాం. అందరూ తినేసి కాఫీ తాగుతున్నారు. కుండలో కోడి పులుసు అడుగున కొంచెం మిగిలింది.

"తప్పయిందమ్మా," అన్నాడు యులిస్ చేపలబుట్ట దించుతూ.

"తెల్లవారుజామున నీ పడవ బయల్దేరిన ఇంజను చప్పుడు వినగానే కోడిని పట్టుకున్నాన్రా," అన్నారు అత్తగారు. "మీ నాన్న కూడా ఏటా ఆ గుంటకే వెళ్లేవాడు. నా ఏ పుట్టినరోజుకూ కోడి తప్పలేదు."