నిలబడ్డ సైకిల్

కత్తెర అంచు సానరాయికి ఆనగానే గాలి వీచడం మొదలైంది. తాత కళ్ళు సగం మూసుకున్నాడు. దర్జీ కొట్టు ముందు స్టాండు వేసిన సైకిల్ మీద కూర్చుని అతను తొక్కుతుంటే, వెనక చక్రం నేలకి తగలకుండా తిరుగుతోంది. ఆ చక్రం పక్కన బిగించిన కప్పీ నుంచి ఒక బెల్టు ముందుకు వచ్చి, బార్ మీద అమర్చిన రాయిని తిప్పుతోంది. రవ్వలు అతని చొక్కా మీదికి ఎగిరి, పాత చిల్లుల పక్కన కొత్తవి పెట్టే ఓపిక లేనట్టు ఆరిపోతున్నాయి.

వీధిలో అందరికీ అతను సాన తాత. ఒక్కో కత్తిది ఒక్కో దారి అని మాత్రం అందరికీ తెలియదు. వంటింటి కత్తి పెడితే కంకర రోడ్డు. మాంసం కొట్టువాడి కత్తి పెడితే ఎత్తు, తొడలు పీకేస్తాయి. దర్జీ కత్తెర వంతెన మీది గాలి. సన్నగా, పొడుగ్గా చెవి పక్కనుంచి పోతుంది. ఆ గాలిలో తాత ఊరు దాటి, రైలు గేటు దాటి, రోడ్డుకి రెండువైపుల చెట్లు పైన కలిసిపోయి నీడ చేసిన చోటు దాటి వంతెన ఎక్కుతాడు. కింద నీళ్ళుంటాయి. కొన్నిసార్లు ఉండవు. అది ఆ రోజు మనసుని బట్టి.

"ఇవాళ ఎంతదాకా వెళ్ళావు బాబాయ్?" అంది దర్జీ, కుట్టుమిషన్ ఆపకుండానే.

"ఇంకా గేటు దగ్గరే ఉన్నా. గూడ్సు బండి అడ్డమొచ్చింది."

"అదెప్పటికి పోవాలి, నా కత్తెర ఎప్పటికి రావాలి!"

ఈ ప్రయాణాల సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. తెలియక తప్పలేదు. పోయిన నెల ఇదే చోట, ఇదే కత్తెర పని ముగించి, తాత కాళ్ళు ఆపేసి కూర్చున్నాడు. చక్రం దానంతట అది టికటికమంటూ తిరుగుతోంది. అన్నిటికన్నా అతనికి ఇష్టమైన సమయం అదే. తొక్కనక్కర్లేదు, బండి పోతుంటుంది. వంతెన దిగాక ఎడమవైపుకి పెద్ద మలుపుంది. ఆ మలుపు వచ్చింది. సైకిల్ తొక్కేవాడు ఎవడైనా ఏం చేస్తాడు? తాత ఎడమకి వంగాడు. స్టాండు ఒక కాలు లేచింది. తాత, సైకిల్, రాయి, పనిముట్ల పెట్టె అన్నీ కలిసి దర్జీ గుమ్మం ముందు బస్తా దించినట్టు పడ్డాయి.

ఆమె పరుగున వచ్చి లేవదీసింది. ఏ బండి గుద్దిందోనని వీధి అటూ ఇటూ చూసింది. ఒక పిల్లి తప్ప ఏమీ లేదు. ఎలా పడ్డావంటే తాత నిజం చెప్పేశాడు. దెబ్బ తగిలిన మనిషికి అబద్ధం వెంటనే తట్టదు కదా. ఆమె మోచేతికి మందు రాస్తూనే నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఇంట్లో మాత్రం నిజం నోటికి రాలేదు. మోచెయ్యి చెక్కుకుపోయి, మోకాలు బంతిలా వాచి వచ్చిన మొగుణ్ణి చూసి భార్య "పడ్డావా?" అంది. పడ్డానన్నాడు. "సైకిల్ మీంచా?" అంది. అవునన్నాడు. లారీ, నాలుగు రోడ్ల కూడలి, వెంట్రుకవాసిలో తప్పిన చావు, ఇవన్నీ ఆమె సొంతంగా కల్పించుకుంది. తాత కాదనలేదు. జీవితమంతా సైకిల్ మీద గడిపినవాడు నిలబడ్డ సైకిల్ మీంచి పడ్డాడంటే ఈతగాడు బకెట్లో మునిగినట్టే. దాని కన్నా లారీయే మర్యాదగా తోచింది. ఆమె చేతిలో చెయ్యి వేయించుకుని మాట తీసుకుంది. ఇక తొక్కకూడదు. నడిపించుకుంటూ వెళ్ళి, స్టాండు వేసి పని చేసుకుని, నడిపించుకుంటూ రావాలి.

మాట తప్పే అలవాటు అతనికి లేదు. దాని ఫలితం మోకాళ్ళు అనుభవిస్తున్నాయి. నడిస్తే అవి అడుగడుగునా మొరాయిస్తాయి, తుంటి పట్టేస్తుంది. సైకిల్ మీద కూర్చుంటే అవే మోకాళ్ళు నూనె పోసినట్టు తిరుగుతాయి. వయసు మీదపడే కొద్దీ అతను సైకిల్‌తో ఒక్కొక్కటిగా రాజీకి వచ్చాడు. సీటు కిందికి దించాడు, హ్యాండిల్ పైకి లేపాడు. పరుగెత్తి ఎక్కడం మానేసి, ఎవరింటి మెట్టు పక్కనో ఆపి, ఆ మెట్టు మీద నిలబడి కాలు వేసి ఎక్కడం నేర్చుకున్నాడు. ఎత్తు వస్తే సిగ్గుపడకుండా దిగిపోయేవాడు. వేగం పోయిందని అతను ఏడవలేదు. పడుచుతనంలో దారులన్నీ దాటిపోవడానికే ఉండేవి. వంతెన దారి తప్ప ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. నెమ్మదిగా తొక్కిన ఈ చివరి కొన్నేళ్ళలోనే ఏ గుమ్మంలో ఏ కుక్క కూర్చుంటుందో, పొద్దున ఎండ ముందుగా ఏ గోడ మీదికి దిగుతుందో తెలిసింది. ముసలితనంలో సైకిల్ ఇంకా బాగుంటుందని చెబితే జనం నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, బాగుంటుంది.

"పిన్నితో చెప్పేశావా?" దర్జీ కత్తెర అందుకుని గుడ్డముక్క మీద పెట్టి చూసింది. గుడ్డ చప్పుడు లేకుండా రెండైంది.

"ఏం చెప్పమంటావు?"

"పాల డిపో ఆయన రేపే కదా వచ్చేది."

అల్లుడు మంచివాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. కరెంటు పని తెలిసిన మనిషి. మామగారి అవస్థ చూడలేక మోటారుతో తిరిగే సానరాయి ఒకటి తయారుచేసి, నిన్న తెచ్చి వరండాలో బిగించాడు. మీట నొక్కితే చాలు, ఇక కత్తులే మామగారిని వెతుక్కుంటూ వస్తాయన్నాడు. ఊరికే తుప్పు పట్టడమెందుకని భార్య సైకిల్ని పాల డిపో అతనికి ఇస్తానని మాటిచ్చేసింది. రేపు పొద్దున తీసుకుపోతాడు. తాత మీట నొక్కి చూశాడు. రాయి బ్రహ్మాండంగా తిరిగింది. కాళ్ళకి మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు.

"చెబితే పరువు పోతుందే అమ్మాయ్."

"చెప్పకపోతే సైకిల్ పోతుంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో."

తాత బెల్టు తప్పించి, పెట్టె క్యారియర్‌కి కట్టి, సైకిల్ని నడిపించుకుంటూ బయలుదేరాడు. ఎడమచెయ్యి కాస్త తిమ్మిరెక్కింది. పొద్దున్నుంచీ రాయి మీద ఆనించిన చెయ్యి, తిమ్మిరెక్కక ఏం చేస్తుంది అనుకున్నాడు. మధ్యాహ్నపు వీధిలో అతని నీడా సైకిల్ నీడా కలిసి నడుస్తున్నాయి. నేల మీద చూస్తే ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియడం లేదు.

పడుచుతనంలో భార్య లాండ్రీలో పని చేసేది. వేళ ముగిశాక చేతులింకా సబ్బువాసన వేస్తుండగా బయటికి వచ్చేది. అతను సైకిల్ ఆపేవాడు కాదు, నెమ్మది చేసేవాడు అంతే. ఆమె నాలుగడుగులు పరుగెత్తి క్యారియర్ మీదికి ఒక పక్కకి ఎగిరి కూర్చునేది. సెలవు రోజున వంతెన దాకా వెళ్ళేవారు. అక్కడ వాళ్ళకి పనేమీ ఉండేది కాదు. వంతెన దిగి మలుపు తిరిగితే ఒక టీ కొట్టు, టీ తాగి తిరిగొచ్చేవారు. మలుపు రాగానే ఆమె వీపు మీద అరచెయ్యి వేసి "వంగు" అనేది. ఆ తర్వాత కూతురు పుట్టింది. ముందు బార్ మీద కూతురు కూర్చుంది, తర్వాత ఆ చోట్లోనే రాయి కూర్చుంది. వంతెన దారి అలా వెనకబడిపోయింది. ఎవరూ ఇక వద్దనుకోలేదు. వెళ్ళడం పడలేదు, అంతే.

ఇల్లు చేరేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. భార్య వరండాలో బల్ల మీద పాత కంబళి పరిచి, ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. తాత సైకిల్‌కి స్టాండు వేసి, మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను రోడ్డు మీద పడలేదే," అన్నాడు తల వంచుకుని.

"మరి ఆకాశం మీంచి పడ్డావా?"

"స్టాండు మీంచి."

ఇస్త్రీపెట్టె ఆగింది. కాలర్ మాడుతుందని గుర్తొచ్చి ఆమె దాన్ని పక్కన నిలబెట్టింది. "స్టాండు వేసే ఉందా?"

"ఉంది."

"సైకిల్ కదలడం లేదా?"

"లేదు."

"మరెలా పడ్డావయ్యా?"

"మలుపొచ్చింది," అన్నాడు తాత. ఇక దాచి లాభం లేదు. "వంతెన దిగాక వస్తుందే, అది. నువ్వు వెనకాల ఉన్నావు. వంగమన్నావు. వంగాను."

ఆమెకి ముందు కోపం వచ్చింది. "నెల నుంచీ కళ్ళు మూస్తే లారీ చక్రాలే. ఆ లారీవాణ్ణి తిట్టని తిట్టు లేదు. పాపం, వాడు పుట్టనే లేదు!" అని అరిచింది. అరుస్తుండగానే నవ్వొచ్చింది. బల్ల పట్టుకుని నవ్వి, అది చాలక మెట్టు మీద అతని పక్కన కూలబడి నవ్వింది. "నిలబడ్డ సైకిల్ మీంచి పడ్డ మొనగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. పైగా నేరం నా మీదికి తోస్తావా!" తాత కూడా నవ్వాడు. పోతుందనుకున్న పరువు పోవడానికి ఇంత హాయిగా ఉంటుందని అతనికి తెలియదు.

నవ్వు తగ్గాక ఆమె చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "రోజూ ఉంటానా వెనకాల?" అంది మెల్లిగా.

"కత్తెరలప్పుడు ఉంటావు. మాంసం కత్తికి ఎత్తు కదా, దిగి నడుస్తావు."

ఆమె వీధిలోని ఎండకేసి చూసింది. చీకటి పడటానికి ఇంకా చాలా టైముంది. లేచి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. "ఆ పెట్టె విప్పు," అంది. బల్ల మీది కంబళిని నాలుగు మడతలు వేసి, క్యారియర్ మీద పరిచి, గుడ్డపేలికతో రెండు ముళ్ళు వేసింది. కంబళి ఇంకా వెచ్చగా ఉంది.

తాత మెట్టు మీద నిలబడి కాలు ఎత్తబోయాడు. సగంలో ఆగింది. రెండోసారీ ఆగింది. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట," అంది ఆమె, అంటూనే అతని మడమ పట్టుకుని అవతలికి దాటించింది. తర్వాత తానూ ఒక పక్కకి తిరిగి కూర్చుంది. "ఏనుగుని ఎక్కించుకున్నావు, చూసుకో."

"మలుపొస్తే ఏనుగు కూడా వంగాల్సిందే."

సైకిల్ స్టాండు దిగింది. రెండు ఊగులు ఊగి, మూడో ఊగులో దారి పట్టింది. ఇన్నాళ్ళకి తొక్కుతుంటే టైరు కింద నేల తగిలింది. ఆ చిన్న గరగర ఏ రాయీ చెయ్యలేని చప్పుడు. గాలి ఎవరి కత్తెరా అడగకుండానే వచ్చి చొక్కా చిల్లుల్లో దూరింది. గోడలు వెనక్కి పోతున్నాయి, ఎంత నెమ్మదిగా అంటే, గోడ మీది పిల్లి తల తిప్పి వాళ్ళు దాటేదాకా చూసి మళ్ళీ నిద్రపోయింది. క్షౌరశాల గుమ్మంలోంచి ఎవరో "తాతా, ఓవర్‌లోడు!" అని కేకేశారు. ఆమె చెయ్యి ఊపింది. బడి మైదానం ఖాళీగా, బంగారు రంగులో ఉంది. దాని ప్రహరీ చివర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. తాత వీపు మీద అరచెయ్యి ఆనింది.

"వంగు," అంది ఆమె.

ఇద్దరూ వంగారు. సైకిల్ పడలేదు. తాతకి గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు వినిపించింది, సంతోషం వల్లే అనుకున్నాడు. సంతోషం కూడా నిజమే. వచ్చేటప్పుడు చిన్న ఎత్తు దగ్గర ఇద్దరూ దిగి, చెరో వైపు హ్యాండిల్ పట్టుకుని నడిపించుకొచ్చారు.

వరండా ముందు స్టాండు వేశాక ఆమె కంబళి ముడి విప్పబోయింది.

"ఉండనీ. రేపు వంతెన దాకా పోదాం."

"పొద్దున్నే పాల డిపో ఆయన వస్తాడు."

"వస్తే పాలు పొయ్యమను."

ఆమె నవ్వుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తాత కుర్చీలో వెనక్కి వాలాడు. కాళ్ళు ఇంకా తిరుగుతున్నట్టే ఉన్నాయి. ఆమె రెండు గ్లాసులతో వచ్చి, ఒకటి అందించబోయి, "ఇదిగో" అంది. మళ్ళీ అంది. గ్లాసులు కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు పాల డిపో అతను వచ్చాడు. ఇంటి ముందు జనాన్ని చూసి, సైకిల్ మాట ఎత్తకుండా ఒక పక్కన నిలబడిపోయాడు. కూతురు తల్లి భుజం మీద పడి ఏడ్చింది. "ఎందుకమ్మా సైకిల్ ఎక్కనిచ్చావు? ఎందుకెక్కనిచ్చావు?"

"నేను ఎక్కనివ్వడమేంటే," అంది తల్లి. "నన్నే ఎక్కించుకున్నాడు."

కొన్నాళ్ళకి జనం మళ్ళీ బట్టలు తెచ్చి ఇవ్వసాగారు. ఆమె బల్ల మీద ఒక దుప్పటి మడిచి పరుచుకుని ఇస్త్రీ మొదలుపెట్టింది. కంబళి క్యారియర్ మీదే, ఆమె వేసిన రెండు ముళ్ళతో అలాగే ఉంది, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర కొద్దిగా గుంటపడి.