నలభై నాలుగు ఫోన్లు

టోస్టు మీద ఉప్పటి వెజిమైట్ ముద్ద రాసుకుని, కొరకడం మరిచి, నెరిడా కంప్యూటరు తెర మీద ప్రోగ్రాం రెండు వందల పన్నెండో వరుసకి వేలు ఆనించింది. కౌన్సిల్ ఆఫీసులో పెర్ల్ అనే కంప్యూటరు భాష రాయడం వచ్చిన మనిషి ఇరవై మూడేళ్లుగా ఆవిడొక్కతే. కురచ గోళ్లు, మెడలో తాడుకు కళ్లద్దాలు, ఎవరి పెళ్లి ఫొటోలోనూ కనపడని ముఖం.

వరదొస్తే ఊళ్లోకి ఫోన్లు చేసే ప్రోగ్రాం ఆవిడదే. ఏటిగట్టు ఇళ్ల జాబితాకి ‘ఇల్లు వదిలి వెళ్లండి’ అనీ, పడవల వాళ్ల జాబితాకి ‘పడవలతో రండి’ అనీ రికార్డు చేసిన గొంతు చెప్పాలి. మార్చి వరదలో పడవలు రాలేదు. ఇంటికప్పు మీద ఎదురుచూసిన ఎనిడ్ ముసలమ్మ కొట్టుకుపోయింది. పడవల వాళ్ల పెద్ద క్లైవ్ హార్టిగన్‌ని ఊరంతా పిరికిపంద అంది. పబ్బులో అతని పక్కన కూర్చోవడం అందరూ మానేశారు.

"నాకు వెళ్లిపొమ్మనే ఫోనొచ్చింది నెరిడా. మావాళ్లందరికీ అంతే. ఒక్కసారి చూడు తల్లీ," అని కౌంటరు దగ్గర మూడుసార్లు బతిమాలాడు.

"నలభై నాలుగు నంబర్లు, నలభై నాలుగు ఫోన్లు. లెక్క సరిపోయింది క్లైవ్. మిషను మీద పడి ఏడవకు," అంది మూడుసార్లూ.

ఇవాళ కొత్త నంబర్లు చేర్చి ఉత్తుత్తి పరీక్ష పెడితే, పడవల జాబితా ఖాళీ అని వచ్చింది. రెండు జాబితాలను ఉన్నవున్నట్టు సబ్‌రొటీన్ అనే లోపలి చిన్న ప్రోగ్రాంకి పంపితే పెర్ల్ వాటిని ఒకటిగా కలిపేస్తుంది. మొదటిదే అంతా మింగేస్తుంది, రెండోదానికి ఏమీ మిగలదు; అందరికీ వెళ్లిపొమ్మనే ఫోనే పోతుంది. ఒక్కోదాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టి, జాబితాకి బదులు అదున్న చోటు పంపాలి. పని నేర్చిన మొదటి వారంలోనే వంటబట్టిన పాఠం. నిరుడు పడవల వాళ్లకి వేరే జాబితా కట్టిన రోజున మరిచింది.

గీతలు పెట్టింది. లోపలి వరుసలు దిద్దింది. ఆ పేజీ అచ్చు తీసి, ‘తప్పు నాది, క్లైవ్‌ది కాదు’ అని రాసి, ఒక ప్రతి మేనేజరు బల్ల మీద ఉంచి, రెండోది పట్టుకుని క్లైవ్ ఇంటికి నడిచింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

తలుపు అతని అక్క మావిస్ తీసింది.

"పొద్దున లేపబోతే తమ్ముడు లేవలేదమ్మా. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. నిన్న కూడా వాడు అన్నాడు, నెరిడా చూస్తుందిలే అని."

నెరిడా కాగితం చాచింది. "నీ తమ్ముడు చెప్పింది నిజం. తప్పు నాది."

మావిస్ దాన్ని ముట్టుకోలేదు. "నాకెందుకిది? వాడు అబద్ధమాడడని నాకు తెలుసు. పో, పబ్బులో చదువు. అందరూ వినేట్టు చదువు."

తలుపు మూసుకుంది. వరండా మేకుకి క్లైవ్ నారింజరంగు పడవ కోటు వేలాడుతోంది. వీపు మీద ఊళ్లో ఎవరో కసికొద్దీ పూసిన తారు పోలేదు గాని, దాని చుట్టూ గుడ్డ తోమి తోమి తెల్లబడింది.