గుంటకి రెండు పిలకలు

ఊళ్ళో అందరికీ ఆయన గడ్డిమామ. "మామ కొండకి గడ్డి పెడతాడు, అత్త మామకి గడ్డి పెడుతుంది" అని నవ్వుకునేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె చేత చివాట్లు తినని రోజు ఆయన ఎరగడు. మొన్న చలికాలంలో ఆమె పోయింది. అప్పట్నుంచి పళ్ళెం కింద పెట్టినా ఇల్లంతా వినిపిస్తోంది.

నాలుగు రోజుల కుండపోత ఇవాళే తెరిపిచ్చింది. మామ పార భుజాన వేసుకుని కొండెక్కాడు. వాలు మీద మట్టి కొట్టుకుపోకుండా పోయినేడు ఇద్దరూ కలిసి అడ్డంగా ఐదు వరసలు గడ్డి నాటారు. అవి నిలవకపోతే కింద పచ్చికబీడంతా రాళ్ళపాలే, ఊరి గొర్రెలకు మేతుండదు. కానీ ఆయన ఆత్రం గొర్రెల కోసం కాదు. అన్నిటికన్నా కిందున్న వరస ఆమె నాటింది.

గుంటకో పిలక, జానెడు ఎడం. అదీ పద్ధతి. ఆమె రెండేసి పెట్టింది, ఎడం కూడా సగమే.

"ఏమిటే ఇది? పిలకలన్నీ దండగ చేశావు," అని ఆయన కసిరాడు.

"ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకోదూ?"

"గడ్డికి బెంగేమిటి, మతిపోయిందా? అదంతా పీకి మళ్ళీ నాటాలి."

ఆమె మారుమాట్లాడలేదు. తిట్లు పడని రోజంటూ ఉంటే అదొక్కటే. పీకుదాం పీకుదామనుకుంటూనే చలికాలం వచ్చేసింది.

కాలిబాట కొండ చుట్టి పైకెళ్ళి, అక్కణ్ణుంచి వాలు మీదికి దిగుతుంది. మొదటి వరస దగ్గర మామ ఆగి చూశాడు. పిలకల ఎడాల్లోంచి నీళ్ళు దూరి గండ్లు కొట్టాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగో వరసలో సగం పిలకలు వేళ్ళతో సహా బయటపడ్డాయి. అన్నీ ఆయన చేత్తో పద్ధతిగా నాటినవే. ఇక కిందికి చూడ్డానికి భయమేసింది.

ఆమె వరస ఉంది. పైనుంచి జారిన మట్టంతా దాన్ని ఆనుకుని మోకాలెత్తు ఆగింది. కింద పచ్చిక పచ్చికలాగే ఉంది.

మామ ఏడ్చాడు. చూసేవాళ్ళెవరూ లేరు గనక బాగానే ఏడ్చాడు. తర్వాత కొట్టుకొచ్చిన పిలకలు ఏరుకుని, నాలుగో వరసలో గుంట తీసి ఒకటి పెట్టాడు. కాసేపు చూసి, పక్కన ఇంకోటి పెట్టాడు.

"నీదే రైటు," అన్నాడు పైకే. "ఇప్పుడు పెట్టవే నాకు గడ్డి."

నిజంగానే కాసేపు ఆగాడు. తర్వాత ఇంకో గుంట తీశాడు.