పగలు ఆగే హీటరు

మూడోసారి కూడా సూదిలోకి దారం వెళ్ళలేదు. జ్ఞానప్రసూన కళ్ళద్దాలు తీసి స్వెటర్ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. తప్పు కళ్ళది కాదని, వేళ్ళదని ఆమెకు తెలుసు. జూన్ నెల, ఈ దేశంలో నడి చలికాలం. పొద్దున పదిన్నర. పెరట్లో గడ్డి మీద రాత్రి పడిన తెల్లటి మంచు ఇంకా అలాగే ఉంది. ఇంట్లోనూ పెద్ద తేడా లేదు. ఇస్త్రీ పెట్టె వేడి చేసి, దాని అంచుకు వేళ్ళు దగ్గరగా పెట్టుకుని, కాస్త వంగడం మొదలవగానే రెండు హుక్కులు కుట్టి, మళ్ళీ ఇస్త్రీ పెట్టె దగ్గరికి పోతోంది. శని ఆదివారాలు వదిలేస్తే పదకొండు రోజులుగా ఇదే వరస.

శనివారం వసంతగారి అమ్మాయి తేజస్విని పెళ్ళి. దానికి కుట్టాల్సిన జాకెట్లు మొత్తం పద్నాలుగు. ఇంకా అయిదున్నాయి. ఇవాళ బుధవారం. ప్రసూన వ్యాపారం తెలిసిన మనిషి. ఒక పెళ్ళి జాకెట్లు సరిగ్గా కుదిరితే తాముండే హారిసన్‌లో పది ఇళ్ళ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని, ఒక్క పెళ్ళికూతురికి చంక బిగిస్తే ఆ పదీ ఒకేసారి మూసుకుంటాయని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల కేర్ సెంటర్లో ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగం ఫిబ్రవరిలో వదులుకుని ఈ కుట్టు మిషను ముందు కూర్చుంది. తూకం వేసుకునే కూర్చుంది. అక్కడ పొద్దస్తమానం నిలబడితే మోకాళ్ళు అరిగేవి, ఇక్కడ కూర్చుంటే పేరు వస్తుంది. ఆ తూకంలో వేయడం మరిచిన సరుకు ఒకటే. అక్కడ మధ్యాహ్నం టీ తాగుతున్నప్పుడు పక్కన మనుషులుండేవారు. ఇక్కడ మిషను ఆపితే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

హీటరు సంగతి మొదటిరోజే భర్త ద్వారకానాథ్‌తో చెప్పింది. ఆఫీసున్న రోజుల్లో పొద్దున ఆయన వెళ్ళేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఆగిపోతుంది, సాయంత్రానికి దానంతటదే వస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చిన ఆయన కోటు విప్పుకుంటూ, కప్పులో వేడిగాలి వచ్చే రంధ్రం కింద చెయ్యి పెట్టి చూశాడు. "వెచ్చగానే ఉందిగా! పగలంతా తోచక నీకు చలి తెలుస్తోంది, అంతే." రెండోరోజు, "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అన్నాడు. మూడోరోజు కరెంటు పోతోందేమో అని ఆమె అంటే నవ్వాడు. "ఇది తెనాలి కాదు ప్రసూనా, పొద్దున తీసి సాయంత్రం ఇవ్వడానికి." తెనాలి నుంచి అత్తగారు వీడియో కాల్‌లో ఇంకో మెట్టు ఎక్కారు. "వాడు ఆ చలిలో బయటికెళ్ళి పనిచేసి వస్తున్నాడు. నీడపట్టున కూర్చున్నదానివి, నీకేంటమ్మా చలి?" ప్రసూన అప్పుడు కూడా జాకెట్టుకు హుక్కులు కుడుతూనే ఉంది. ఫోను మిషనుకు ఆనించి ఉండటంతో అత్తగారికి ఆమె ముఖమే తప్ప చేతులు కనిపించలేదు.

మెల్‌బోర్న్‌లో చదువుతున్న కూతురు స్నేహకు కూడా చెప్పి చూసింది. "అమ్మా, జస్ట్ కాల్ సమ్‌వన్. ఐ హావ్ క్లాస్" అంది స్నేహ. పిల్ల తప్పు మాటేం అనలేదు. ఎవరినో ఒకరిని పిలవమంది. ఆ ఎవరో ఎవరని తల్లి అడిగేలోపు క్లాసు మొదలైంది.

మూడోసారి దారం తప్పాక ప్రసూన సూది బల్లకు గుచ్చి లేచింది. తన దగ్గర జాకెట్లు కుట్టించుకునే బిమల కొడుకు ప్రణేష్ ఎలక్ట్రీషియన్. వాళ్ళ తాతలు ఎప్పుడో చెరకు తోటల పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. ప్రణేష్ దాకా మిగిలింది సగం తెలుగే. ఆమె ఫోన్ చేయగానే 'బాగున్నారా' అనేసి సగం ఇంగ్లీషులోకి దిగాడు.

"మండే దాకా నో చాన్స్ ఆంటీ. బట్ టెల్ మీ, గోడ మీద కంట్రోలర్ స్క్రీన్‌లో నంబర్లున్నాయా, బ్లాంకా?"

"బ్లాంక్."

గోడ మీది తెరకు కరెంటు హీటరు పెట్టె నుంచే వస్తుందట. తెర చచ్చిందంటే పెట్టెకే కరెంటు అందడం లేదని అర్థమట. ముందు బయట మీటరు బాక్సు చూడమన్నాడు. ప్రసూన చెప్పుల్లోనే మంచు మీద నడిచి వెళ్ళి చూసింది. స్విచ్చులన్నీ ఒకే వరసలో పైకే ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు పక్కింటి వైపు చూడటం చిన్నప్పటి అలవాటు. అలవాటుగానే చూసింది. పక్కిల్లు, ఎదురిల్లు, మూలమీది ఇల్లు అన్నిటికీ కర్టెన్లు వేసి ఉన్నాయి. వీధి మొత్తంలో మనిషి అలికిడి లేదు.

"బాక్సులో అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి ప్రణేష్."

"దెన్ రూఫ్‌లో, సీలింగ్ పైన చూడాలి. హీటర్ అక్కడే ఉంటుంది. పెట్టె పక్కన ప్లగ్ ఉంటుంది. మీరెక్కుతారా? అంకుల్ వచ్చాక..."

"నేనెక్కుతాను."

"ఓకే, ఓకే. చెక్క దూలాల మీదే కాలు పెట్టండి, సీలింగ్ షీట్ మీద కాదు. పోయిన నెల ఒక అంకుల్ స్ట్రెయిట్‌గా వాళ్ళ లాంజ్‌లోకి దిగాడు. లంచ్ టైమ్‌లో!"

ప్రసూన నవ్వింది. పగటిపూట తన నవ్వు తనకే వినపడి ఎన్నాళ్ళయిందో.

గరాజులో నిచ్చెన వేసి, పైన సీలింగుకున్న చతురస్రపు పలకను తలతో నెట్టి, ఫోన్ లైటు వెలుగులో పాకుతూ వెళ్ళింది. ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ చోటు ఆమె ఎప్పుడూ చూడలేదు. ద్వారకానాథ్ అప్పుడప్పుడూ ఎక్కి, దుమ్ముతో దిగి, యుద్ధం చేసి వచ్చినవాడిలా టీ అడిగేవాడు. హీటరు పెట్టె వెండిరంగు గొట్టాల మధ్య చల్లగా ఉంది. దాని తీగ పట్టుకుని వెతుక్కుంటూ వెళితే ప్లగ్గు దొరికింది. ప్లగ్గుకు, సాకెట్టుకు మధ్య అరచేతిలో పట్టేంత తెల్లటి గుండ్రటి టైమర్ ఉంది. చుట్టూ వారాల పేర్లు, గడియారంలా అంకెలు, వాటి పక్కన చిన్న చిన్న పళ్ళు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, తొమ్మిది నుంచి అయిదు వరకు ఉన్న పళ్ళు పైకి లేపి ఉన్నాయి. మిగతావన్నీ లోపలికి నొక్కి ఉన్నాయి. నొక్కిన వేళల్లోనే హీటరుకు కరెంటు.

ఆమె అక్కడే గొంతుక్కూర్చుని భర్తకు ఫోన్ చేసింది.

"మీటింగ్‌కి వెళ్తున్నా, చెప్పు."

"హీటరు ప్లగ్గు మధ్యలో టైమర్ ఉంది."

ఆయన హాయిగా నవ్వాడు. "అరె, అదా! కిందటి చలికాలం నేనే పెట్టాను. మర్చేపోయా చూడు. నేనింకా నీ చాదస్తం అనుకున్నా."

"ఎందుకు పెట్టారు?"

"ఎందుకేంటి, పగలు ఇంట్లో ఎవరూ ఉండరుగా."

ప్రసూన ఆగింది. కిందటేడు నిజమే, ఎవరూ ఉండేవారు కాదు. ఆ మాట వెనక ఇంకో మాట వస్తుందని ఆగింది. ఈ ఏడు నువ్వున్నావుగా అనో, పదకొండు రోజులు వణికావా అనో. బేరంలో అవతలి మనిషికి నోరు విప్పే వ్యవధి ఇవ్వాలని ఆమెకు తెలుసు. ఇచ్చింది.

"సరే, నువ్వేం ముట్టుకోకు, నేనొచ్చి చూస్తాను. అన్నట్టు మధ్యాహ్నం నా పార్సిల్ వస్తుంది. సంతకం పెట్టించుకుంటారు. ఎక్కడికీ వెళ్ళకు, ఇంట్లోనే ఉండు" అని పెట్టేశాడు.

దుమ్ములో, ఆ చీకటి గొట్టాల మధ్య ఆమె ఫోన్ లైటు మళ్ళీ టైమర్ మీదికి తిప్పింది. మోసం చేస్తే కోపం వచ్చేది. ఆయన మోసం చేయలేదు. పదకొండు రోజులు ఆమె చెబుతున్నా ఆయనకు ఈ టైమర్ గుర్తు రాలేదంటే కారణం ఒకటే. ఆయన మనసులో తొమ్మిదింటికి ఈ ఇంటికి తాళం పడుతుంది. ఆ తాళం లోపల తను ఉంది. పార్సిలు వచ్చే రోజు మాత్రం ఆయన లెక్కలో ఉంటుంది. అన్నం ఉడకాల్సిన వేళకు, ఆరేసిన బట్టలు తడిసిపోయే వేళకు, అత్తగారు ఫోన్ చేసే వేళకు ఉంటుంది. చలి వేసే వేళకు ఉండదు.

ప్రసూన స్విచ్చు ఆపి, టైమర్ ఊడబీకి, హీటరు ప్లగ్గు నేరుగా సాకెట్టుకు పెట్టి, స్విచ్చు వేసింది. పెట్టెలో ఏదో టిక్కుమంది. ఫ్యాను తిరగడం మొదలైంది.

కిందకు దిగి చేతులు కడుక్కుని మిషను ముందు కూర్చునేసరికి కప్పు నుంచి వెచ్చటి గాలి మెడ మీదికి దిగుతోంది. దారం ఒక్కసారికే ఎక్కింది. పన్నెండున్నరకు ఒక జాకెట్టు అయింది. రెండోది చేతుల దాకా వచ్చింది.

రెండూ పదికి డోర్‌బెల్ మోగింది. ప్రసూన పాదం మిషను పెడల్ మీద ఆగింది. కర్టెన్ సందులోంచి గుమ్మం దగ్గర కొరియర్ పిల్ల, చంకలో అట్టపెట్టె కనిపిస్తున్నాయి. నాలుగడుగులు వేస్తే తలుపు. మళ్ళీ మోగింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో తను ఇంట్లో ఉండగా ఒక్కసారి కూడా బెల్ మోగించి ఖాళీగా వెళ్ళినవాళ్ళు లేరు. పాదం పెడల్ మీదే ఉంది. కాసేపటికి తలుపు కింద నుంచి ఒక చీటీ లోపలికి జారింది, వ్యాను వెళ్ళిపోయింది. ప్రసూన పెడల్ నొక్కింది.

అయిదున్నరకు ద్వారకానాథ్ వచ్చాడు. గుమ్మంలో వంగి చీటీ తీసుకుని, చదువుకుంటూ ఆమె గదిలోకి వచ్చాడు.

"ఇదేంటి, వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరని రాశాడు? రేపు డిపోకి వెళ్ళి నేనే తెచ్చుకోవాలా? చెప్పానుగా నీకు. ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు."

"మరి బెల్ వినపడలేదా?"

ప్రసూన దారం కొరికి, కుట్టిన హుక్కును గోరుతో లాగి చూసింది. గట్టిగా ఉంది.

"వినపడింది" అంది.