ఆకు చివర దారం

పెళ్ళయి మూడో నెల నడుస్తున్నా ఆమె పాత అద్దెగది తాళంచెవి ఇంకా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. టైలరుకు ఆ సంగతి తెలుసు. దాని గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

పెళ్ళికి ముందే ఆమె చెప్పేసింది. "ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఉన్నాను. ఇంకొకరి ఇంట్లో ఇమడగలనో లేదో నాకే తెలీదు. గది ఇప్పుడే ఖాళీ చెయ్యను. కొన్నాళ్ళు చూద్దాం."

"అలాగేనండీ," అన్నాడతను. అతనికి యాభై దాటాయి. ఆమె యాభైకి దగ్గర్లో ఉంది.

వచ్చేటప్పుడు ఆమె ఒక సూట్‌కేసు, ఒక మొక్క తెచ్చుకుంది. ఆమె బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుంటుంది. మొక్క అక్కడివాళ్ళు పెళ్ళికిచ్చిన కానుక. ఇద్దరూ అలాంటి మొక్కను అంతకుముందు చూడలేదు. ఆకుల కింద బొటనవేలంత కూజాలు వేలాడుతున్నాయి. ఒక్కో కూజాకు ఒక మూత, అడుగున కొంచెం నీళ్ళు. ఈగో చీమో అందులో పడితే మొక్క అరిగించుకుంటుందట.

అతని అక్క పక్క వీధిలో ఉంటుంది. మొదటిరోజే వచ్చి మొక్కను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఒరే తమ్ముడూ, పురుగుల్ని తినేదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావు. ఇవాళ ఈగలు తింటుంది, రేపు టైలర్లని తింటుంది."

"మనుషులు దానికి అరగరు వదినా," అంది ఆమె.

"అరగక్కర్లేదమ్మా, వీడు సగం అరిగిపోయే ఉన్నాడు. అది సరే, కట్టుకున్న పెళ్ళాన్ని 'మీరు' అంటాడేమిటి వీడు? కొలతలు తీసుకోవడానికి వచ్చినావిడ అనుకుంటున్నాడా?"

ఇల్లూ షాపూ ఒకటే. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, కటింగు బల్ల, కిటికీ పక్కన ఇస్త్రీబల్ల. మొక్కను ఆ కిటికీ గట్టుమీద పెట్టారు. ఎండ నేరుగా పడదు, వెలుతురు బాగా వస్తుంది. ఈ మొక్కకు కుళాయినీళ్ళు పడవని, ఎరువు వెయ్యకూడదని ఆమె ఎక్కడో చదివింది. ఆవిరి ఇస్త్రీపెట్టెలో పోసేందుకు టైలరు డిస్టిల్డ్ వాటరు డబ్బాలు తెచ్చిపెట్టుకుంటాడు. మొక్కకూ అవే నీళ్ళు పోశారు.

చోటు మారినందుకో ఏమో, కొద్దిరోజులకే కూజాలు ఒకటొకటిగా ఎండిపోయాయి. అది మామూలేనని, కొత్తవి వస్తాయని ఆమె అంది. "ఈ ఎండిపోయినవి కాస్త తీసేస్తారా? నేను లాగితే ఆకులు చిరిగేలా ఉన్నాయి."

దారాలు కత్తిరించే చిన్న కత్తెర అతని మెడలో ఎప్పుడూ టేపుతో పాటు వేలాడుతూ ఉంటుంది. ఎండినవాటిని ఆకుకు చిన్న గాటు కూడా పడకుండా తీసేశాడు.

"ఎంత చక్కగా కత్తిరించారో!" అంది ఆమె.

ఆ ఇంట్లో ఆమె నోటినుంచి అతను విన్న మొదటి మెచ్చుకోలు అది.

ఆమె పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతుంది, దీపాలు పెట్టే వేళకు వస్తుంది. ఆమె వెళ్ళాక అతను ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసి, అది వేడెక్కేలోపు మొక్క దగ్గర నిలబడేవాడు. కొత్త ఆకులు బాగానే వస్తున్నాయి. కాకపోతే ఒక్కో ఆకు చివర ఈనె బయటికి సాగి, విడిపోయిన దారంలా వేలాడుతోంది. అతని షాపునుంచి దారం వేలాడుతున్న బట్ట ఏనాడూ బయటికి వెళ్ళలేదు. చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది. కత్తెర టిక్కుమంది. ఆకు కుదురుగా కనిపించింది. ఆ తర్వాత అది అతనికి రోజువారీ పని అయిపోయింది.

కొత్త కూజా ఒక్కటీ రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆమె తన కిటికీ కబుర్లు చెప్పేది. "మా దగ్గర జవాబులు రెండేనండీ. రద్దయింది, ఆలస్యంగా నడుస్తోంది. రద్దంటే నన్ను నాలుగు తిట్టి వెళ్ళిపోతారు. ఆలస్యమంటే, ఎంతసేపైనా సరే, సంచులమీద కూర్చుంటారు." తర్వాత లేచి వెళ్ళి మొక్కను చూసేది. "కొసలన్నీ మాడిపోతున్నాయి. ఈ ఇంటి గాలి దీనికి పడటంలేదేమో."

అతను అన్నంలో వేళ్ళు కదుపుతూ కూర్చునేవాడు. ఆమె మొక్క గురించే అంటోందా అని అడగడానికి నోరు రాలేదు.

ఒక బుధవారం అంది, "ఆదివారం దీన్ని నా గదికి తీసుకెళ్తానండీ. పెళ్ళికి ముందు అక్కడున్న నాలుగు రోజులూ బాగానే ఉంది. గది సంగతి కూడా ఈ నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పమంటున్నాడు ఓనరు."

మొక్క వెళ్తే దాని వెనక సూట్‌కేసు వెళ్తుందని అతనికి అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, మొక్కను కోట్లకు వేసే జిప్పు తొడుగులో పెట్టి, ఊరిచివర నర్సరీకి నడిచాడు. నర్సరీ నడిపేది ఒక పెద్దావిడ. తొడుగు జిప్పు తీసి చూసింది.

"నీళ్ళేం పోస్తున్నారు?"

"ఇస్త్రీపెట్టెలో పోసే నీళ్ళండి. డిస్టిల్డ్."

"భేష్. ఎక్కడ పెట్టారు?"

"కిటికీలో. పక్కనే ఇస్త్రీబల్ల. రోజంతా ఆవిరే."

"ఇంత మంచి ఇల్లు దీనికి ఇంకెక్కడా దొరకదు బాబూ. మొక్క బ్రహ్మాండంగా ఉంది."

"మరి కూజాలు రావడంలేదే?"

ఆవిడ ఒక ఆకు పైకెత్తి కొస చూపించింది. "ఎలా వస్తాయి? కూజా వచ్చేది ఈ తీగ చివరే. తీగ వంగుతుంది, కొస ఉబ్బుతుంది, అదే కూజా అవుతుంది. ఎవరో పుణ్యాత్ములు ప్రతి ఆకుకీ దీన్ని కత్తిరించి పారేశారు. చెయ్యి మాత్రం మంచి చెయ్యి. ఎక్కడా వంకర లేదు."

అంటూ ఆవిడ తలెత్తింది. చూపు అతని మెడలో వేలాడుతున్న కత్తెరమీద ఆగింది. జిప్పు మళ్ళీ వేసి ఇచ్చింది.

దారి పొడుగునా అతనికి రెండు ఆలోచనలే. చెప్తే ఆమెకు కోపం వస్తుంది, వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఇంటికి పడలేదనుకుని వెళ్ళిపోతుంది. రెండో దాంట్లో అబద్ధం కూడా ఉంది.

ఇంటికొచ్చేసరికి ఆమె అప్పుడే డ్యూటీనుంచి వచ్చి, కిటికీ వైపు ఇంకా చూడకుండానే, మొక్క కోసం అట్టపెట్టె వెతుక్కుంటోంది. అతను మొక్కను బల్లమీద పెట్టాడు. మెడలోంచి కత్తెర తీసి దాని పక్కన పెట్టాడు.

"ఇంటి గాలి కాదండీ," అన్నాడు. "నేను."

"ఏమిటి మీరు?"

"ఆ కొసలు మాడిపోలేదు. నేనే కత్తిరించాను. రోజూ. దారాలనుకున్నాను. కూజాలు వాటికే వస్తాయట."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆకులు ఒకటొకటే పైకెత్తి చూసింది.

"ఏం చేశావు నువ్వు!" అంది. "బుద్ధుందా? చెట్టుకి దారాలుంటాయా ఎక్కడైనా?"

"లేదు. అంటే, ఉండవు."

"రోజూ రాత్రి దీన్ని చూసి చూసి, ఏం తక్కువైందా అని నేను బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే, వెనకాల కూర్చుని నువ్వు కత్తిరిస్తున్నావా?"

"ఎండినవి తీసినప్పుడు చక్కగా కత్తిరించానన్నావు," అన్నాడు అతను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మొక్క నడుమన ఒక కొత్త ఆకు ఇంకా చుట్ట విప్పకుండా ఉంది. దాన్ని వేలితో తాకింది.

"దీన్ని ముట్టుకున్నావా?"

"దీనికింకా దారం... తీగ రాలేదు."

"కత్తిరించినవాటికి ఇక రావు. వస్తే దీనికే రావాలి," అంది. వేలు తియ్యకుండానే, "అయితే రద్దు కాదన్నమాట," అంది తనలో తాను.

అతను బల్లమీంచి మార్కింగు సుద్ద తీసుకెళ్ళి కిటికీ గట్టుకు జానెడు దూరంలో నేలమీద గీత గీశాడు. "కత్తెర ఇక ఈ గీత దాటదు," అన్నాడు. గదికి అటు చివర గోడకు మేకు కొట్టి కత్తెరను దానికి తగిలించాడు. ఆమె నవ్వలేదు. మొక్కను మాత్రం తిరిగి గట్టుమీద పెట్టింది.

ఆదివారం పొద్దున ఆమె హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది. "గదికి వెళ్ళొస్తాను."

వెళ్ళొస్తానని అందరూ అంటారు. మళ్ళీ షాపు మొహం చూడని కస్టమర్లు కూడా అలాగే అంటారు. అతను మిషను ముందు కూర్చుని ఒకే ప్యాంటు అంచును కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. భోజనం వేళ దాటింది. అక్క వచ్చి కిటికీలోంచి తొంగిచూసి, నేలమీది గీతను చూసి, "ఏంట్రా, ఇంట్లో సరిహద్దులు పెట్టుకున్నారా?" అంది. అతను ప్యాంటు అంచు మళ్ళీ విప్పడం చూసి వెళ్ళిపోయింది.

పొద్దు వాలాక గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఆమె దిగింది. వెనక రెండు పెట్టెలు, ఒక కుర్చీ, ఒక బట్టల మూట. ఆమె ఆ మూటను తెచ్చి కటింగు బల్లమీద పడేసింది. గది కర్టెన్లు.

"కత్తిరించాలని చేతులు దురదపెడితే ఇవి కత్తిరించు," అంది. "మన కిటికీకి ఇవి పొడుగవుతాయి."

అతను కర్టెను పరిచాడు, టేపు పట్టాడు. తలెత్తకుండానే, మూడు నెలల్లో మొదటిసారి అడిగాడు. "తాళంచెవి?"

"ఓనరుకి ఇచ్చేశాను."

టేపు చేతిలోంచి జారింది. మళ్ళీ మొదట్నుంచి కొలిచాడు. "మడతకి ఎంత వదలమంటావు?"

"ఎక్కువే వదులు. ఉతికినకొద్దీ కుదించుకుపోతాయి."

సొంతింటి పని కాబట్టి కర్టెన్లు కస్టమర్ల బట్టల వెనక చాలాకాలం వరసలో ఉండిపోయాయి. అవి కిటికీకి ఎక్కేసరికి చుట్టుకుని ఉన్న కొత్త ఆకు విచ్చుకుంది, తీగ సాగింది, కిందికి వంగింది. కొస ముందు గుండుసూది తలంత ఉబ్బింది, తర్వాత గుండీ అంతయింది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు అతను రోజూ చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు.

ఒకరోజు పొద్దున బస్టాండు ఎంక్వైరీ ఫోను మోగింది.

"ఎంక్వైరీ. ఏ బస్సండీ?"

"మూత తెరుచుకుంది," అన్నాడు టైలరు.

అవతల జనం గోల వినిపించింది. ఎవరో చిల్లర కోసం అరుస్తున్నారు.

"ఆలస్యంగా నడుస్తోందని చెప్పాను కదండీ," అంది ఆమె అందరికీ వినబడేలా. తర్వాత గొంతు తగ్గించి, "ముట్టుకోకు, వచ్చేస్తున్నా," అంది.