మరకా, వలకన్నూ

కొట్టు చూరు కింద, రాతి మీద వల.
వల కింద ఉప్పు.
ఆరిన చోటల్లా తెల్లటి మరక...

కషీనాష్ రేవులో ఎవరి వల చిరిగినా దియొలిందా ఒళ్ళోకే వస్తుంది. చెక్క సూది ఆడుతుంది. ముడి పడుతుంది. కన్ను పక్కన కన్ను లేస్తుంది.
ఈ ఒక్క వలనే ఆమె చలికాలమంతా ముట్టుకోలేదు.
మొగుడి వల.

జెఫిరీను పడవ మీంచి జారినప్పుడు కాలికి వల చుట్టుకుంది. కత్తి తీసి కోసుకున్నాడు. అయినా సముద్రం వదల్లేదు. మనిషి దొరకలేదు. వల దొరికింది — నడిమధ్యన అతని కత్తి కోతతో.
చొక్కాల్లో అతని వాసన ఎప్పుడో పోయింది. అతని చేతి గుర్తు ఇక ఆ కోత ఒక్కటే.

మాగువా.
లోపల కమిలిపోయిన దుఃఖాన్ని ఆ రేవు భాషలో అలా అంటారు. అలిగిన స్నేహితులు ఒకరి మీద ఒకరికి మాగువా ఉందంటారు. దియొలిందాకి సముద్రం మీద ఉంది.
మాల్యా.
వలకన్నుని అలా అంటారు.

శవం లేని పూజ ముగిశాక ఫాదర్ బెల్మీరు ఆమె పక్కన కూర్చున్నాడు. ఏం చెప్పాలో తోచక, తనకు తెలిసింది చెప్పాడు.
"మాగువా, మాల్యా... రెండూ ఒక తల్లి బిడ్డలేనమ్మా. లాటిన్‌లో మాకుల. మరకన్నా అదే, వలకన్నన్నా అదే."
"పాపం, ఆ తల్లికి ఇంకో పేరే దొరకలేదా ఫాదర్?"
ఆయన నవ్వబోయి మానేశాడు.

సార్డీన్ చేపలు వచ్చే కాలమైంది. మరిది ఔరేలియు వచ్చి నిలబడ్డాడు. చేతుల్లో టోపీ నలుగుతోంది.
"వదినా... నా వల చీకిపోయింది. అన్న వల ఇస్తావా?"
"అది చిరిగింది."
"ఊరందరివీ కుడతావు. ఇదొక్కటీ కుట్టలేవా?"
ఆమెకి ఒళ్ళు మండింది. "ముందు నీ నోరు కుడతాను, ఉండు!"
అతను కదల్లేదు.
"పిల్లలు ఉత్త బంగాళాదుంపలే తింటున్నారు వదినా," అన్నాడు నేల చూస్తూ.

ఆమె వల ఒళ్ళోకి లాక్కుంది.
కోసిన దారాల కొసలు ముందు కత్తిరించాలి. అప్పుడే కొత్త ముడి నిలుస్తుంది. అతను కోసిన కొసలు — అతని చెయ్యి ఆగిన చోటు.
కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చుంది.
తరువాత కత్తిరించింది. కొసలు గాలికెగిరి నీళ్ళలో పడ్డాయి. ఏడ్చింది. ఏడుస్తూనే అల్లింది.
ముడి. కన్ను. ముడి. కన్ను.
చిల్లు పూడలేదు. చిన్న చిన్న చిల్లులైంది... వలని బాగుచెయ్యడమంటే అంతే.

మర్నాడు ఔరేలియు వల తీసుకుని వెళ్ళాడు. పడవలోంచి చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు. అదే వల, అదే సముద్రం. ఆమెకి భయం వేసింది.
మంచు పడవని కమ్మేసింది.

చూరు కింద, వల ఉన్నచోట, మరక మిగిలింది. కళ్ళు కళ్ళుగా, తెల్లగా.
ఆమె దాన్ని చేత్తో తడిమింది.
సముద్రం వైపు నుంచి ఈదురుగాలి. వాన చూరు కిందికి కొడుతోంది. ఒక అంచు అప్పుడే కరుగుతోంది —
దియొలిందా నల్ల శాలువా తీసి రాతి మీద పరిచింది. తను తడుస్తూ నిలబడింది.
మంచులోకి చూస్తూ.

శాలువా కింద ఉప్పు...