కండక్టరుగారి సీటు

ఓడలో ఎక్కిన రోజు సాయంత్రానికే అందరికీ ఆయన కండక్టరుగారైపోయాడు. రిటైరై ఏడాది దాటినా ఆ ఉద్యోగం ఆయన్ను వదల్లేదు. నిజం చెప్పాలంటే ఆయనే దాన్ని వదల్లేదు. ఇంట్లో కూడా బస్సు భాషే. అన్నం చాలనుకుంటే బల్ల మీద ఒక్క దెబ్బ వేస్తాడు, వడ్డన ఆగాలి. ఊరికి బయల్దేరుతూ తలుపు మీద రెండు దెబ్బలు వేస్తాడు, ఇల్లాలు ఎక్కడున్నా కదలాలి. ఆమె కొత్తలో విసుక్కుంది, పోనుపోను అలవాటు పడింది.

అలవాటు పడనిది ఒక్కటే. పెళ్లయిన దగ్గర్నుంచీ మొగుడితో కలిసి ఎన్ని బస్సులెక్కిందో గాని, ఒక్కనాడూ ఆయన పక్కన కూర్చుని ప్రయాణం చేసిన పాపాన పోలేదు. తన డ్యూటీ కాని బస్సులో కూడా ఆ మహానుభావుడు నిలబడే ఉంటాడు. ఒకరి సంచి పైన పెడతాడు, ఇంకొకరిని ముందుకు జరగమంటాడు. కూతురూ అల్లుడూ ఓడ ప్రయాణానికి పంపిస్తామనగానే ఆమె ఎగిరి గంతేసింది ఇందుకే. ఇవాళ ఓడ రేవులో ఆగింది. పాత నగరం శిథిలాలు చూపించడానికి బస్సు వచ్చింది. ఎక్కకముందే ఆమె మాట తీసుకుంది.

"ఇవాళ మీరు కండక్టరు కాదు. బుద్ధిగా నా పక్కన కూర్చోవాలి."

"నీ మీదొట్టు!" అన్నాడాయన.

బస్సు రేవు గేటు దాటకముందే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. చేతికర్ర పట్టుకున్న ఓ ముసలావిడకు సీటు చూపించడానికి లేచినవాడు, శిథిలాలు వచ్చేదాకా మళ్లీ కూర్చోలేదు. ఒక్క దెబ్బకు ఆగడం, రెండు దెబ్బలకు కదలడం డ్రైవరుకు కూడా అలవాటు చేసేశాడు.

పసుపు గొడుగు పట్టుకుని గైడు పిల్ల ముందు నడిచింది. రాళ్లు పరిచిన వీధి, పైకప్పు లేని దుకాణాలు, మసి మిగిలిన రొట్టెల పొయ్యి. వీధి మధ్యలో బండిచక్రాలు అరగదీసిన జంట చాళ్లు కనిపించేసరికి కండక్టరుగారు చంటిపిల్లాడైపోయాడు.

"చూశావుటే? ఇక్కడా సర్వీసులు నడిచాయి!"

వీధి చివర కొండవాలులో నాటకశాల ఉంది. అర్ధచంద్రంలా రాతిమెట్లు, కింద వేదిక, ఎదురుగా నీలంగా సముద్రం. ప్రతి సీటుకూ అంకె చెక్కి ఉందని గైడు పిల్ల చెప్పడమే ఆలస్యం, ఆయన్ను పట్టేవాళ్లు లేకపోయారు. ఆమె ఎండకు వెచ్చబడ్డ రాతి మీద కూర్చుని, పక్క రాయి మీద చేతిరుమాలు పరిచింది.

"ఏమండీ, ఇటు రండి! మీకు సీటు ఆపాను."

"వస్తున్నా, వస్తున్నా! అమ్మా, దారిలో నిలబడకండి, పైన బోలెడు ఖాళీ ఉంది!"

జనం పడీపడీ నవ్వారు. తప్పిపోయిన ఇద్దర్ని ఆయన వెతికి తెచ్చేసరికి గైడు పిల్ల దండం పెట్టి గొడుగు ఆయన చేతికే ఇచ్చేసింది. ఆమె కూడా నవ్వింది. మొగుణ్ణి చూస్తే గర్వంగానే ఉంది, పక్కనున్న రుమాలును చూస్తే ఏడుపొచ్చింది. దులిపి మడిచి సంచిలో వేసుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆమె అందరికన్నా ముందు బస్సెక్కింది. చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుని, రుమాలు మళ్లీ పరిచింది. ఇదే ఆఖరి అవకాశం. రేపంతా సముద్రమే, ఎల్లుండి ఇల్లే.

కిందనించి ఆయన ఒక్కొక్కర్నీ ఎక్కిస్తున్నాడు. లెక్క ఆయన చూసుకుంటాడులే అని గైడు పిల్ల డ్రైవరు పక్కన నిశ్చింతగా కూర్చుంది. చేతికర్ర ముసలావిడ అందరికన్నా చివర ఎక్కింది. కండక్టరుగారు తృప్తిగా బస్సు పక్కన రెండు దెబ్బలు వేసి అరిచాడు.

"రైట్, రైట్!"

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది.

కదిలే బస్సెక్కడం ఆయనకు కొత్త కాదు గాని, ఈ మాయదారి బస్సుకు ఫుట్‌బోర్డు లేదు. పసుపు గొడుగు ఊపుకుంటూ వెనకే పరుగెత్తాడు. జన్మలో మొదటిసారి ఆయనకు బస్సు తప్పిపోయింది!

"ఆపండి! మా ఆయన కిందే ఉండిపోయారు!" అని ఆమె అరిచింది. ముందంతా పాటలూ చప్పట్లూ, ఒక్కరికీ వినపడలేదు. కిటికీలోంచి గొడుగు చిన్నదైపోతోంది. ఆమె ఇక ఆలోచించలేదు. చెయ్యెత్తి, బలమంతా కూడదీసుకుని, బస్సు గోడ మీద ఒక్క దెబ్బ వేసింది.

బస్సు టక్కున ఆగింది.

ఆయన రొప్పుతూ ఎక్కేసరికి బస్సంతా ఈలలూ చప్పట్లూ. చెమట తుడుచుకుని, అలవాటు కొద్దీ ముందు వరస నుంచి తలలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"ఏమండీ, మీకు టికెట్టుందా?" అంది ఆమె వెనకనించి.

ఆయన తెల్లబోయాడు. "ఉంది."

"అయితే వచ్చి కూర్చోండి."

గొడుగు గైడు పిల్లకు అప్పగించి, తలొంచుకుని వచ్చాడు. రుమాలు తీసి ఆమెకిచ్చి కూర్చున్నాడు. ఆమె భుజానికి ఆయన భుజం ఆనింది. ఆయన గుండె ఇంకా దడదడా కొట్టుకోవడం ఆమెకు తెలుస్తోంది. ప్రాణం హాయిగా ఉంది.

బస్సు మాత్రం కదల్లేదు. డ్రైవరు అద్దంలోంచి ఆయనకేసే చూస్తున్నాడు. బస్సంతా వెనక్కి తిరిగి చూస్తోంది. ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆమె ఆ చేతిని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. రెండో చేత్తో బస్సు గోడ మీద రెండు దెబ్బలు వేసింది.

"రైట్, రైట్!"